గుండె బలహీనతతో ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చారా? విజయనగరం సిరిమాను పండగకు ముందే ఇవి చూసుకోండి

నీరు పోయే మాత్ర సొంతంగా ఆపొద్దు. కాళ్ల వాపు తగ్గిందనో, విజయనగరం జనంలో బాత్రూమ్ దొరకదనో మానేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి మళ్లీ అడ్మిట్ కావాల్సి రావచ్చు.

రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి. ఒక్కరోజులో కిలోకి పైగా, వారంలో 2 కిలోలకి పైగా పెరిగితే డాక్టర్‌కి ఫోన్ చేయండి. "పండగ తిండి ఒంటబట్టింది" అనుకోకండి, అది నీరే కావచ్చు.

మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనొద్దు. ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి.

ఆవకాయ, ఎండుచేప, అప్పడం పక్కన పెట్టండి. చుట్టాలు బతిమాలినా సరే.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక చెకప్ 7 నుంచి 14 రోజుల్లోపే. పండగయ్యాక వెళ్దామనొద్దు.

పడుకుంటే ఊపిరాడకపోతే వెంటనే 108.