డిశ్చార్జ్ సమ్మరీ చాలదు, కేస్ షీట్ కాపీ అడగండి

హాస్పిటల్ నుంచి ఇంటికి పంపేటప్పుడు ఫైల్లో పెట్టి ఇచ్చే డిశ్చార్జ్ సమ్మరీ, డ్యూటీ డాక్టరు ఆఖరి రోజు హడావిడిగా టైప్ చేసిన సారాంశం మాత్రమే. అసలు సంగతంతా కేస్ షీట్లో ఉంటుంది. అడ్మిట్ అయినప్పుడు మీరు ఏం చెప్పారు, ఏ పూట ఏ ఇంజెక్షన్ పడింది, థియేటర్లో ఏం చేశారు, మత్తు ఏది ఇచ్చారు, మీరు ఏ కాగితం మీద సంతకం పెట్టారు, రాత్రి డ్యూటీ నర్సు ఏం రాసింది, అన్నీ అందులోనే. దాని కాపీ అడిగి తీసుకునే హక్కు మనకుంది. కానీ డాక్టరుగారు ఏమనుకుంటారో అన్న మొహమాటంతో చాలామంది అసలు అడగరు.

అది ఎందుకు పనికొస్తుందో మా ఇంట్లోనే చూశాను. మా పెద్దమ్మకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు ఒక రాత్రి యాంటీబయాటిక్ ఎక్కిస్తుండగానే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి, నర్సు వెంటనే ఆపేసింది, తెల్లారేసరికి తగ్గిపోయాయి, ఇక అందరూ మర్చిపోయారు. సమ్మరీలో ఆ ముక్కే లేదు. తర్వాత మోకాలి ఆపరేషన్‌కి వేరే హాస్పిటల్‌కి వెళ్తే మత్తు డాక్టరు "మీకు పడని మందులు ఏమైనా ఉన్నాయా అమ్మా?" అనడిగారు. "ఏదో సూది పడలేదు నాయనా" అంటుంది తప్ప పేరు ఆవిడకేం తెలుసు! పాత హాస్పిటల్ నుంచి డ్రగ్ చార్ట్ జిరాక్స్ తెప్పిస్తే, ఆ మందు పేరు మీద అడ్డగీత, పక్కన "రాష్, స్టాప్డ్" అని టైముతో సహా ఉంది.

ఇక రూల్ సంగతి. డాక్టర్ల వృత్తి నియమావళి ఒకటి ఉంది, 2002లో మెడికల్ కౌన్సిల్ తెచ్చింది. పేషెంటు గానీ, పేషెంటు అధికారం ఇచ్చిన మనిషి గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని అందులో ఉంది. ఇవ్వకపోతే అది డాక్టరు వైపు నుంచి తప్పు కిందే లెక్క. 2023లో కొత్త నియమాలు తెచ్చి, కొద్ది రోజులకే పక్కన పెట్టేశారు, కాబట్టి పాతవే నడుస్తున్నాయి. ఇందులో ఒక మెలిక ఉంది. ఇన్‌పేషెంట్ రికార్డుల్ని ట్రీట్‌మెంట్ మొదలైన తేదీ నుంచి మూడేళ్లు భద్రపరచాలి అన్నారు, అంతే. ఆ తర్వాత వెళ్తే "తీసేశాం సార్" అన్నా మీరు గట్టిగా అడగలేరు. అందుకని అవసరం పడ్డాక కాదు, ఇప్పుడే అడగండి.

ఎవరిని అడగాలి? వార్డులో నర్సమ్మనో రిసెప్షన్ వాళ్లనో అడిగితే తలా ఒక దిక్కు చూపిస్తారు. పెద్ద ప్రైవేట్ హాస్పిటళ్లలో మెడికల్ రికార్డ్స్ డిపార్ట్‌మెంట్ అని వేరేగా ఉంటుంది, ఎంఆర్‌డీ అంటారు, చాలాచోట్ల బేస్‌మెంట్లో ఏదో మూల ఉంటుంది. చిన్న నర్సింగ్ హోమ్ అయితే మేనేజరే దిక్కు. నోటితో అడిగితే "రేపు రండి" అంటారు కాబట్టి కాగితం మీద రాసివ్వండి. మెడికల్ సూపరింటెండెంట్ పేరిట, ఇలా:

"నా పేరు ఫలానా, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు ఫలానా, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ హాస్పిటల్‌లో ఇన్‌పేషెంట్‌గా ఉన్నాను. నా పూర్తి కేస్ షీట్ కాపీ ఇవ్వగలరు. అందులో అడ్మిషన్ నోట్స్, డాక్టర్ల రోజువారీ నోట్స్, నర్సింగ్ చార్టులు, డ్రగ్ చార్ట్, ఆపరేషన్ నోట్స్, అనస్థీషియా రికార్డు, కన్సెంట్ ఫారాలు, అన్ని ల్యాబ్, స్కాన్ రిపోర్టులు ఉండాలి. 2002 వృత్తి నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వగలరని మనవి."

ఇలా పేరు పేరునా రాయకపోతే మళ్లీ అదే సమ్మరీకి ఇంకో ప్రింటు తీసి చేతిలో పెడతారు. ఆధార్ జిరాక్స్ జతచేయండి. పేషెంటు మంచం మీద ఉంటే, వాళ్ల సంతకంతో మీ పేరు మీద ఒక ఆథరైజేషన్ లెటర్ రాయించుకుని వెళ్లండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద "రిసీవ్డ్" స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోండి, మీ 72 గంటల లెక్కకి సాక్ష్యం అదే. స్టాంపు వేయం అంటే వాదన పెట్టుకోకుండా అదే లెటర్ హాస్పిటల్ ఈమెయిల్‌కి పంపి, స్పీడ్ పోస్టులో కూడా వేసేయండి.

అప్పుడు వినిపించే జవాబులు దాదాపు అన్నిచోట్లా ఒకటే. "కేస్ షీట్ హాస్పిటల్ ప్రాపర్టీ" అంటారు. ఒరిజినల్ వాళ్ల దగ్గరే ఉంచుకోమనండి, మనం అడిగేది కాపీ. "కోర్టు ఆర్డర్ తెండి" అంటే, పేషెంటు అడిగితే ఇవ్వాలని రూల్లోనే ఉందని చెప్పండి. "బిల్లు బాకీ ఉంది కదా" అంటే, ఆ 72 గంటల రూల్లో బిల్లు ప్రస్తావనే లేదు. జిరాక్స్ ఖర్చు అడిగితే మాత్రం ఇచ్చేయండి, రసీదు తీసుకోండి.

స్కాన్ల విషయంలో ఫిల్ములు, రిపోర్టుతో సరిపెట్టుకోవద్దు. ఎంఆర్ఐ, సీటీ అయితే డైకామ్ ఫార్మాట్లో సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ అడగండి, ఇంకో డాక్టరు కంప్యూటర్లో తిప్పి చూడగలిగేది అదే. వాట్సాప్‌లో లింక్ పంపితే అది పనిచేస్తుండగానే డౌన్‌లోడ్ చేసేసుకోండి. బయాప్సీ జరిగి ఉంటే ఇంకా ముఖ్యం. సెకండ్ ఒపీనియన్‌కి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్‌కో పంజాగుట్ట నిమ్స్‌కో వెళ్తే ఉత్త రిపోర్టు చాలకపోవచ్చు, ఒంట్లోంచి తీసిన ముక్కతో చేసిన గాజు స్లైడ్లు, ఆ ముక్కని దాచిన మైనపు బ్లాకులు కూడా తెమ్మనే అవకాశం ఉంది. అవి ల్యాబ్ నుంచి సంతకం పెట్టి తీసుకోవాలి. ఖమ్మం నుంచో కర్నూలు నుంచో వచ్చేవాళ్లు దీనికోసమే మళ్లీ బస్సెక్కాల్సి వస్తుంది, కాబట్టి బయల్దేరే ముందే తీసుకోండి.

గాంధీ, ఉస్మానియా లాంటి సర్కారు దవాఖానల్లో ముందు సూపరింటెండెంట్ ఆఫీసులో అదే లెటర్ ఇవ్వండి. కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద అక్కడి పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఆధారం జతచేస్తే అదీ లేదు. గడువు 30 రోజులు, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలు.

మనిషి ఇంకా బెడ్ మీద ఉండగా కూడా నోరు మెదపొచ్చు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన పేషెంట్ల హక్కుల చార్టర్‌లో సెకండ్ ఒపీనియన్ తీసుకోవడం, మందులు, టెస్టులు బయట చేయించుకోవడం, కేస్ పేపర్లు చూడటం అన్నీ ఉన్నాయి. అది చట్టం కాదు, చూపించగానే ఎవరూ భయపడరు, కానీ ప్రింటు చేతిలో ఉంటే మాట తీరు మారుతుంది. రౌండ్స్‌లో డాక్టరుగారు నిలబడేది కాసేపే, అందుకే అడగాల్సినవి ముందే చీటీ మీద రాసుకోండి: ఈ టెస్టు ఎందుకు, రిపోర్టులో ఏం తేలింది, వేరే దారి ఉందా. గొంతు పెంచకుండా "నాకు అర్థం కాలేదు సార్, ఇంకోసారి చెప్పండి" అంటే ఎవరూ తప్పు పట్టరు. రోజూ వచ్చే ల్యాబ్ రిపోర్టు ఫోన్లో ఫొటో తీసుకోండి.

72 గంటలు దాటినా ఇవ్వకపోతే డాక్టరు మీద కోఠిలోని తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కి, హాస్పిటల్ మీద జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు రాయొచ్చు. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యమైతే వినియోగదారుల కమిషన్ ఉంది, వైద్యం కూడా ఆ చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, రెండేళ్లలోపు వెళ్లాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేసి అడగండి. నా అభిప్రాయంలో చాలా గొడవలు అక్కడిదాకా పోవు, స్టాంపు పడిన లెటర్ దగ్గరే తేలిపోతాయి.

వచ్చిన కాగితాల్ని ఇన్సూరెన్స్‌కి పంపేముందే స్కాన్ చేయండి, ఒరిజినల్స్ తిరిగి రావడం కష్టం. ఫైలు పేరు సంవత్సరంతో మొదలుపెడితే వరసగా ఉంటాయి. ఆభా అని కేంద్ర ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల హెల్త్ నంబరు తీసుకుంటే దానికి లింక్ అయిన హాస్పిటళ్ల రిపోర్టులు యాప్‌లో కనిపిస్తాయి, అయితే పాతవన్నీ వాటంతటవే వచ్చేస్తాయని ఆశ పెట్టుకోకండి. ఆ స్కాన్లన్నిటికీ ముందు ఒక్క పేజీ ఉంచండి: బ్లడ్ గ్రూపు, పడని మందులు, ఇప్పుడు వేసుకుంటున్న టాబ్లెట్లు, జరిగిన ఆపరేషన్లు. అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తితే డ్యూటీ డాక్టరుకి ముందు కావాల్సింది ఆ పేజీయే.