ఎండాకాలం అడవి పొగ మన డెల్టా దాకా వస్తది, ముందే ఇవి చూస్కోండి

శివరాత్రి వెళ్ళిందంటే పాపికొండలు, రంపచోడవరం, చింతూరు వైపు, ఇంకా పైన ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఆకు రాలి ఎండిపోయి మంటలు మొదలయ్యే టైం, మే దాకా ఇదే వరస. అమలాపురం, రాజోలు, నరసాపురం వాళ్ళకి అడవెక్కడ మనమెక్కడ అనిపిస్తది గానీ పాపికొండల నుంచి అమలాపురానికి గాలి దారిన సుమారు వంద కిలోమీటర్లే, గంటకి పదిహేను కిలోమీటర్ల గాలి ఉన్నా సాయంత్రం అక్కడ లేచిన పొగ తెల్లారేలోపు ఇక్కడికి వచ్చేయొచ్చు. 2023 జూన్‌లో కెనడా అడవుల పొగ వందల కిలోమీటర్లు దాటొచ్చి న్యూయార్క్ ఆకాశాన్ని నారింజ రంగు చేసేసింది, మనకి వంద ఒక లెక్కా. ఇంట్లో ఆస్తమా వాళ్ళు, గుండె జబ్బు వాళ్ళు, గర్భిణులు, చంటిపిల్లలు, ముసలివాళ్ళు ఉంటే ఇప్పుడే సర్దుకోండి, పొగ కమ్మాక మెడికల్ షాపుల చుట్టూ తిరిగితే లాభం లేదు.

ముందు అది ఏ పొగో తెలియాలి. పొగమంచు అయితే చెమ్మగా ఉంటది, గడ్డి, బయట పెట్టిన బండి సీటు తడిసి ఉంటాయి, ఎండెక్కితే విడిపోద్ది. దాళ్వా కోతలయ్యాక మన చేలల్లో కొయ్యకాళ్ళు తగలెట్టిన పొగైతే ఘాటు వాసన, దండెం మీద ఆరేసిన తెల్ల బట్టల మీద నల్లటి మసి రేకులు పడతాయి, వేలితో తాకితే పొడైపోయి గీతలా మరక అవుద్ది. దూరం నుంచి వచ్చిన పొగ ఇలా పట్టుబడదు. పెద్ద మసి దారిలోనే రాలిపోద్ది, వాసన కూడా చాలావరకు పోద్ది, మిగిలేది పీఎం 2.5 అనే సన్న ధూళి, మన వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కంటే తక్కువ, అది రోజుల తరబడి గాల్లోనే తేలుతూ ఊపిరితిత్తుల అడుగు దాకా పోద్ది. అందుకే వాసన రావట్లేదు కదా అని ధీమాగా ఉండొద్దండి. పొద్దు వాలడానికి ఇంకా టైం ఉండగానే సూర్యుడు కుంకుమ బొట్టులా ఎర్రబడ్డాడు, మబ్బు లేదు, గోదావరి అవతలి గట్టు కొబ్బరి చెట్లు మసగ్గా కనపడుతున్నాయి అంటే అనుమానించండి. సూర్యుణ్ణి అదే పనిగా చూడొద్దు, ఒక్క చూపు చాలు.

అనుమానం వచ్చాక ఫోన్లో చూస్కోవచ్చు, అన్నీ ఫ్రీనే. నాసా వాళ్ళ ఫర్మ్స్ మ్యాప్‌లో ఎక్కడ మంట ఉందో ఎర్ర చుక్కలు పడతాయి, శాటిలైట్లు మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒకసారి, రాత్రి అదే టైంకి ఒకసారి మన మీదుగా పోతాయి, మూడు గంటల్లోపు చుక్క మ్యాప్ మీదకి వచ్చుద్ది. మబ్బు కింద మంట మాత్రం దానికి కనపడదు. కోనసీమలో కూడా చుక్కలు కనపడి కంగారు పడకండి, రోజూ అదే చోట కదలకుండా వెలుగుతుంటే అది గ్యాస్ బావుల దగ్గర మండించే ఫ్లేర్ అయ్యుంటది, అడవి మంట అయితే చుక్కలు రోజురోజుకీ జరుగుతాయి, గుంపులవుతాయి. మన దేశంలో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ దగ్గర పేరు నమోదు చేస్కుంటే మంటల మెసేజ్‌లు కూడా వస్తాయి. తర్వాత విండీ లాంటి వాతావరణం యాప్‌లో గాలి ఎటు నుంచి వీస్తుందో చూడండి, చుక్కలు వాయవ్యంలో ఉండి గాలి కూడా అటు నుంచే వస్తుంటే లెక్క కుదిరినట్టే.

కానీ శాటిలైట్ ఫోటోలో మన మీద పొగ కనపడినంత మాత్రాన మనం పీలుస్తున్నామని కాదు, అది రెండు మూడు కిలోమీటర్ల పైన పోతుండొచ్చు. కింద గాలి సంగతి చెప్పేది నేల మీద మిషనే. సెంట్రల్ పొల్యూషన్ బోర్డు వాళ్ళ సమీర్ యాప్‌లో రాజమండ్రి స్టేషన్ చూడండి. అక్కడొక మెలిక ఉంది, ఏక్యూఐ, అంటే గాలి ఎంత చెడిందో చెప్పే సూచీ, 24 గంటల సగటు మీద కట్టే నంబర్, తెల్లారుజామున పొగ దిగితే అది పెరగడానికి చాలా టైం పడుద్ది, కాబట్టి గంట గంటకి పీఎం 2.5 ఎంతుందో అది చూడాలి. రోజు సగటుకి మన దేశం పెట్టిన హద్దు ఘనమీటరు గాలికి 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 15. ఇంట్లో పెట్టుకునే చిన్న మీటర్లు మన తేమకి ఎక్కువ చూపిస్తాయి, పొగమంచు పొద్దున వాటిని నమ్మి హడలిపోవద్దు.

ఇక ఇంట్లో సంగతి. ఎయిర్ కూలర్ బయట గాలినే లోపలికి లాగుద్ది, పొగ రోజున ఆపెయ్యాలి. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుద్ది గానీ సన్న ధూళిని పెద్దగా పట్టదు, సన్న ధూళిని పట్టే హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫైయర్ ఉంటే జబ్బు మనిషి పడుకునే ఒక్క గదిలో పెట్టి తలుపులేసుకోండి. ఆ రోజు అగరొత్తులు, సాంబ్రాణి, దోమల చక్రం వద్దు, దోమతెర కట్టుకోండి. రేకుల ఇంట్లో ఉండేవాళ్ళు మాత్రం పొగ అని చెప్పి మధ్యాహ్నం తలుపులన్నీ బిగించుకోవద్దండి, వడదెబ్బ పొగ కంటే ముందు చంపుద్ది. సముద్రపు గాలి తిరిగాక సాయంత్రం పొగ పల్చబడితే అప్పుడు కిటికీలు తీయండి.

బయట పని తప్పనివాళ్ళ గురించే నాకు ఎక్కువ బెంగ. రాత్రి చల్లబడిన గాలి నేలకి అంటుకుని ఉంటది కాబట్టి పొగ తెల్లారి పూటే చిక్కగా ఉంటది, మన కోతల కూలీలు, కొబ్బరి దింపు వాళ్ళు, చెరువుల మీద పనిచేసేవాళ్ళు దిగేదీ అప్పుడే. మధ్యాహ్నానికి మార్చుకోమంటే ఎండకి పడిపోతారు, కాబట్టి పొద్దున్నే వెళ్ళనివ్వండి, ఎన్95 మాస్కు ఇవ్వండి, అది ఇవ్వాల్సింది పని చేయించుకునేవాళ్ళే. తలపాగా గుడ్డ, తడి తువ్వాలు, పల్చటి సర్జికల్ మాస్కు ఈ ధూళిని ఆపవు. మాస్కు పక్కల నుంచి గాలి కారకూడదు, తల వెనక్కి తగిలించే ఎలాస్టిక్ ఉన్నదైతే బాగా పట్టుద్ది. వాకింగ్ వాళ్ళు ఆ రెండ్రోజులు మానేస్తే ఏం కాదు. అడవి పొగ పైన ఉన్న రోజుల్లో మనం కూడా చేలల్లో గడ్డి అంటించొద్దని పక్క రైతులకి చెప్పండి, రెండూ కలిస్తే పిల్లలు తట్టుకోలేరు.

ఆస్తమా వాళ్ళు ఇన్‌హేలర్ ఎక్స్‌పైరీ ఈ వారమే చూస్కోండి, ఎన్ని పఫ్‌లు మిగిలాయో కూడా, రోజూ వాడే మందు ఒక్క పూట మానొద్దు. ఆయాసం వచ్చినప్పుడు వాడే రిలీవర్ ఇన్‌హేలర్ పీల్చాక కూడా తగ్గకపోయినా, మాట మధ్యలో ఊపిరి ఆగుతున్నా, పెదాలు నీలంగా మారినా, ఛాతీ పట్టేసినా పొద్దున చూద్దాంలే అనకుండా 108కి ఫోన్ చేసేయండి.