హార్మోనియం చేతికి పియానో నేర్పాలంటే

నరసాపురం దగ్గర మా ఊరి చర్చిలో పదహారేళ్లు కీర్తనలు పాడాను, హార్మోనియం వాయించాను. ఇప్పుడు పాలకొల్లులో పిల్లలకు పియానో నేర్పుతున్నాను. నాలాగా పాట నుంచి వచ్చి నేర్పేవాళ్లు ముందు ఎడమచేతిని పట్టించుకోండి. హార్మోనియం దగ్గర అది గాలి కొడుతూనే ఉంటుంది, మెట్లు ముట్టుకోదు. అందుకే మొదటి రెండు వారాలు కుడిచేయి ఒళ్లో పెట్టుకోమని, ఎడమచేత్తో స, ప మాత్రమే నొక్కిస్తాను. పాట నోటితోనే.

తర్వాత కుడిచేయి. ఒకటో శ్రుతి, అంటే ‘స’ను ‘సి’ మెట్టు మీద పెట్టుకోవడం. అక్కడి నుంచి శంకరాభరణం రాగం మొత్తం తెల్లమెట్ల మీదే వస్తుంది. స, రి, గ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో. ‘మ’ దగ్గర బొటనవేలు కిందనుంచి దూరాలి. పైస్థాయి ‘స’ చిటికెనవేలిది. ఇది కుదరడానికి నాకే నెల పట్టింది, పిల్లల్ని తొందరపెట్టకండి.

కీబోర్డు కొనేవాళ్లు 61 మెట్లున్నది, నొక్కే బలాన్ని బట్టి శబ్దం మారేది చూసుకోండి.

అసలు కష్టం నిదానం కీర్తనల్లో. హార్మోనియం మెట్టు పట్టుకున్నంతసేపూ మోగుతుంది, పియానో స్వరం మాత్రం తగ్గిపోతుంది. గమకం, అంటే గొంతులోలా స్వరాన్ని ఊపడం, కూడా పలకదు. “మాస్టారూ, పాట చచ్చిపోతోందండీ” అంది ఒక పాప. పాడేటప్పుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటావో అక్కడ చెయ్యి ఎత్తమ్మా అన్నాను. రెండో చరణానికే పాటకు ప్రాణం వచ్చింది.