చివరి మలుపులో రెక్క పడిపోతుంటే

సమస్య: చిన్న విమానం దిగేముందు రన్‌వే వైపు చివరి మలుపు తిరుగుతుంటే ఒక రెక్క ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది.

కారణం: వెనకగాలి తోయడంతో విమానం రన్‌వే వరస దాటిపోతుంది. ముక్కును తిప్పడానికి పైలట్ మలుపు లోపలివైపు రడ్డర్ (తోక పలకను కదిపే పెడల్) తొక్కుతాడు, వంపు పెరగకుండా స్టిక్‌ను బయటివైపు నెడతాడు, ముక్కు వాలితే వెనక్కి లాగుతాడు. లోపలి రెక్క ముందుగా స్టాల్ అవుతుంది, అంటే గాలి పట్టు తప్పి బరువు మోయలేకపోతుంది. రెక్కలు సమంగా ఉంటే 45 నాట్ల వేగం దగ్గర స్టాలయ్యే విమానం, ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీలు వంగితే 54 దగ్గరే, 60 డిగ్రీలు వంగితే 64 దగ్గరే స్టాలవుతుంది.

పరిష్కారం: వంపు 30 డిగ్రీలు దాటనివ్వొద్దు. వరస తప్పితే తప్పనివ్వండి, పవర్ పెట్టి మళ్లీ చుట్టి రండి. స్పిన్‌లో పడితే, అంటే స్టాలై గిరగిరా తిరుగుతూ పడిపోతుంటే, పవర్ ఐడిల్, ఎయిలరాన్లు (వంపు మార్చే రెక్క చివరి పలకలు) మధ్యకు, తిరుగుడుకు ఎదురు రడ్డర్, స్టిక్ ముందుకు. కానీ 500 అడుగుల ఎత్తులో అందుకు చోటుండదు. మీది కిట్ కొని సొంతంగా కట్టుకున్న విమానమైతే, దాని పుస్తకంలోని స్టాల్ వేగాన్నీ నమ్మొద్దు: స్టాటిక్ రంధ్రం (బయటి గాలి ఒత్తిడిని తీసుకునేది) పెట్టిన చోటును బట్టి వేగం మీటర్ తేడా చూపిస్తుంది. శిక్షకుణ్ణి పక్కన పెట్టుకుని 5,000 అడుగుల్లో మీ విమానం స్టాల్ వేగం చూసుకోండి. దానికి 1.3 రెట్లు దిగే వేగం.

సమస్య: ఎండాకాలంలో విమానం నేల విడవదు.

కారణం: రేణిగుంట విమానాశ్రయం ఎత్తు సుమారు 350 అడుగులే. 42 డిగ్రీల ఎండలో మాత్రం అక్కడి గాలి 3,600 అడుగుల పైనున్నంత పల్చన. తొందరపడి ముక్కెత్తితే లేచీ లేవకుండానే స్టాల్.

పరిష్కారం: పొద్దున్నే ఎగరండి. సగం రన్‌వేకి లేచే వేగంలో 70 శాతం రాకపోతే ఆపేయండి.

సమస్య: రోజూ బాగా నడిపేవారే ఒక్కో రోజు తడబడతారు.

కారణం: అప్పుడు విమానం కంటే ముందు ఒంటినే చూడాలి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు ఒక రోజు పట్టొచ్చు. నిద్ర రావట్లేదంటే చురుగ్గా ఉన్నామని కాదు. ఏకాదశి ఉపవాసం, అలిపిరి మెట్లెక్కి వచ్చిన అలసట కూడా ఇలాంటివే: నీళ్లు, చక్కెర తగ్గితే మీటర్ మీద చూపు నిలవదు.

పరిష్కారం: ఆ మాత్ర వేసుకుంటే ఐదు రోజులు ఆగండి. ఉపవాసమైతే మర్నాడు తిని, నీళ్లు తాగి, నిద్రపోయాకే.

గాల్లోకి వెళ్లాకే తలనొప్పి మొదలైతే ఇంజిన్ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ని అనుమానించండి. దానికి వాసన ఉండదు. హీటర్ కట్టేసి, బయటి గాలి తెరిచి, దగ్గర్లో దిగండి. రక్తంలో సగం తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది, ఆ రోజుకి మళ్లీ ఎగరొద్దు. సైలెన్సర్ అతుకుల దగ్గర బూడిదరంగు మరకలు వెతకండి, ఫైర్‌వాల్‌లో (ఇంజిన్‌కీ కూర్చునే చోటుకీ మధ్య గోడలో) వైర్లు వెళ్లే రంధ్రాలను మంట తట్టుకునే సీలెంట్‌తో మూసేయండి. ఈ వాయువును కనిపెట్టడానికి రంగు మారే బిళ్ల కాకుండా, మోగే అలారం పెట్టుకోండి.