గుడ్డు పెంకులు, అరటి తొక్కలతో ఆమ్ల నీటిని చక్కదిద్దడం ఎలా?

మేఘాలయలోని జైంతియా కొండల్లో బొగ్గు గనుల నుంచి కారే నీళ్లు కలిసి, కొన్ని వాగుల పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయిని చెప్పే కొలత; 7 తటస్థం, అంతకు తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4 కంటే దిగువకు పడిపోయింది. బొగ్గులోని పైరైట్‌కు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలి, నీరు తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఇనుము కూడా కరిగి వస్తుంది. వంటింటి చెత్తతో వాగును బాగుచేయలేం. అదే రకం నీటిని ఒక బకెట్‌లో మాత్రం చక్కదిద్దవచ్చు. పైకప్పు నుంచి పట్టిన వాన నీటికీ, పుల్లటి బావి నీటికీ ఇదే పద్ధతి.

కావలసినవి: 10 లీటర్ల ఆమ్ల నీరు, 10 గుడ్ల పెంకులు (ఎండితే సుమారు 50 గ్రాములు), 100 గ్రాముల ఎండు అరటి తొక్క, రెండు బకెట్లు, పాత నూలు గుడ్డ, పీహెచ్ పట్టీలు. పసుపు ఇక్కడ పనికిరాదు, అది క్షారాన్నే చూపిస్తుంది. మందార పూల కషాయం ఆమ్లంలో గులాబీ రంగుకు మారుతుంది గానీ, 5కూ 6కూ తేడా తేల్చలేదు.

1. పెంకుల్ని 10 నిమిషాలు మరిగించి, లోపలి పలుచని పొర ఒలిచేయండి. పొర ఉంటే కుళ్లు వాసన వస్తుంది. ఎండలో ఆరబెట్టి మెత్తగా పొడి చేయండి.

2. నీటి పీహెచ్ రాసుకుని, పొడి మొత్తం వేసి, గంటకోసారి కలుపుతూ రాత్రంతా వదిలేయండి. మూత పెట్టకండి. పెంకులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బనేటే. అది ఆమ్లాన్ని తినేస్తూ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ వాయువు నీటిలోనే ఉండిపోతే పీహెచ్ 6 దగ్గరే ఆగిపోతుంది. అందుకే టీ చల్లార్చినట్టు ఒక బకెట్ నుంచి మరో బకెట్‌లోకి ఎత్తి పోయండి, పదిసార్లయినా.

లెక్క ప్రకారం పీహెచ్ 3 ఉన్న 10 లీటర్లకు అర గ్రాము కాల్షియం కార్బనేట్ చాలు. 50 గ్రాములు ఎందుకంటే, పొడి నెమ్మదిగా కరుగుతుంది. పైగా కరిగి ఉన్న ఇనుము, అల్యూమినియం మడ్డిగా మారుతూ ఇంకా ఆమ్లాన్ని వదులుతాయి. పీహెచ్ పట్టీకి ఆ దాగిన పులుపు కనిపించదు. పొడి ఎక్కువైనా ప్రమాదం లేదు, పెంకుతో పీహెచ్ 8.3 ప్రాంతంలో ఆగిపోతుంది. సున్నం అలా కాదు, కాస్త చేయి జారితే 12 దాకా పోతుంది. పెంకును మెచ్చుకోవాల్సింది ఇక్కడే.

3. ఇనుము ఉంటే నారింజ రంగు మడ్డి పుడుతుంది. అది దిగే వరకు కదపకుండా ఉంచి, పైతేటను గుడ్డలో వడకట్టండి. వాడిన పెంకు పొడిని మళ్లీ వాడకండి. తుప్పు పూత పట్టిన గింజ లోపల సున్నపు పదార్థం మిగిలే ఉన్నా నీటికి అందదు. చాలామంది పీహెచ్ పెరగలేదని విసుగుపడేది ఈ పూత వల్లే.

4. ఇప్పుడు అరటి తొక్క. ఎండబెట్టి బరకగా దంచి, కడిగిన నీళ్లు రంగు విడవడం తగ్గేదాకా కడగండి. లీటరుకు 10 గ్రాములు వేసి గంటసేపు కలిపి వడకట్టండి. తొక్కలోని కార్బాక్సిల్ సమూహాలు (ఆమ్ల గుణమున్న అణు భాగాలు) రాగి, సీసం లాంటి లోహాల్ని పట్టుకుంటాయి. ఆమ్లం ఉండగా ముందే వేస్తే హైడ్రోజన్ అయాన్లే ఆ చోట్లు ఆక్రమిస్తాయి. కాబట్టి వరస మార్చకండి. ఎక్కువసేపు ఉంచితే తొక్క పులియడం మొదలవుతుంది.

బ్యాటరీ ఆమ్లంతో ఇది చేయకండి. గాఢమైన సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పెంకుపై జిప్సం పొర కట్టి చర్య ఆగిపోతుంది, చేతులూ కాలతాయి. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లకూ ఇది మందు కాదు, అవి ఎక్కువగా క్షార స్వభావంవే.

గని నీటితో చేస్తే చేతికి తొడుగులు వేసుకోండి. మిగిలిన మడ్డి, తొక్క కంపోస్టులో వేయొద్దు, లోహాలు వాటిలోనే ఉన్నాయి. పీహెచ్ 7కు వచ్చినంత మాత్రాన ఆ నీళ్లు తాగడానికి పనికిరావు.