వేవిళ్ల రోజుల్లో మాత్ర నిలవాలంటే

వేవిళ్ల రోజుల్లో పొద్దున్నే వేసుకున్న ఐరన్ మాత్ర చాలామందికి కడుపులో నిలవదు, పైగా వికారాన్ని ఇంకా పెంచుతుంది. దాన్ని రాత్రి కొద్దిగా ఏదైనా తిన్న తర్వాత, పడుకోవడానికి అరగంట ముందు గ్లాసుడు నీళ్లతో వేసుకుంటే, వికారం ముదిరేలోపే నిద్ర పడుతుంది. నాకు ఎక్కువగా మేలు చేసింది ఈ మార్పే. ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది కాబట్టి, తలగడ పక్కన రెండు మూడు ఉప్పు బిస్కెట్లు ఉంచుకుని, నిద్ర లేవగానే మంచం మీదే నెమ్మదిగా తిని, 15 నిమిషాలు ఆగి దిగాలి. పగలు రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా తింటూ, నీళ్లను భోజనాల మధ్యలో గుక్కెడు గుక్కెడుగా తాగడం మంచిది. ఐరన్ అసలే పడకపోతే కొన్నాళ్లు ఆపవచ్చేమో డాక్టరును అడగవచ్చు గాని, బిడ్డ మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునేది ఈ తొలి వారాల్లోనే కనుక, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్‌ను (డాక్టరు ఎక్కువ మోతాదు రాసి ఉంటే ఆ మోతాదునే) 12 వారాలు నిండేవరకు దయచేసి మానకండి.

ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గి ముదురు రంగులో వస్తున్నా, బరువు తగ్గుతున్నా ఈ పద్ధతి చాలదు. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.