ముఖం మండుతుంటే ఏం ఆపాలి, ఏం రాయాలి

పోయిన ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం నల్లగొండ ఎండలో బండి మీద ఇంటికొచ్చి, సింకు దగ్గర ముఖం మీద ఇన్ని నీళ్లు చల్లుకున్నాను. ఉత్త నీళ్లే. తెగిన చోట కారం పడ్డట్టు మండింది. అద్దంలో చూస్తే బుగ్గలు రెండూ ఎర్రగా, జిడ్డు లేకుండానే ప్లాస్టిక్ కవర్ లాగా మెరుస్తున్నాయి, ముక్కు పక్కన ఉల్లిపొర లాగా సన్నటి పొట్టు లేచింది. చెల్లె పెళ్లి రెండు నెలల్లో ఉందని అప్పటికి నేను పొద్దున విటమిన్ సీ సీరమ్, రాత్రి గ్లైకోలిక్ యాసిడ్ (చచ్చిన కణాలను ఊడగొట్టేది), దాని మీదనే రెటినాల్ (విటమిన్ ఎ రకం) రాస్తున్నాను, వారానికి రెండుసార్లు స్క్రబ్, పైగా పార్లర్‌లో ఒక పీల్, అంటే యాసిడ్ పూసి పైపొర లేపడం. మండుతోందని ఇంకో సీరమ్ కొన్నాను, దాంతో ఇంకా పెరిగింది.

మీ ముఖం కూడా ఇలాగే ఉంటే, కింద మీ లక్షణం ఏదో చూసుకోండి. అన్నింటికీ ముందు చేయాల్సింది ఒకటే, ఈ రోజు నుంచి కొత్తది ఏదీ రాయకండి.

నీళ్లు పడినా, మాయిశ్చరైజర్ రాసినా మంట. బిగుతుగా ఉంటుంది, పొట్టు లేస్తుంది

కారణం: చర్మం పైపొర దెబ్బతింది. ఆ పొర కాగితం కంటే సన్నం. గూనపెంకుల ఇంటి కప్పు లాగా చచ్చిన కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, మధ్యలో సెరమైడ్లు (చర్మంలోనే ఉండే ఒక రకం కొవ్వులు), కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు వాటిని పట్టి ఉంచుతాయి. యాసిడ్లు, రెటినాల్, స్క్రబ్బు అన్నీ కలిసి పెంకులను లేపేస్తే లోపలి తడి బయటికి పోతుంది, బయట రాసింది నేరుగా లోపలికి దిగి మండుతుంది. మామూలు సబ్బు కూడా దీనికి తోడవుతుంది. చర్మం పీహెచ్ (7 కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం అని చెప్పే అంకె) 5 దగ్గర ఉంటే, సబ్బుది 9, 10 ఉంటుంది.

ఏం చేయాలి: యాసిడ్లు, రెటినాల్, విటమిన్ సీ, మొటిమలకు రాసే బెంజాయిల్ పెరాక్సైడ్, టోనర్, స్క్రబ్, షీట్ మాస్క్, అన్నీ ఆపండి. డాక్టర్ రాసిచ్చిన మందైతే ఫోన్ చేసి అడిగి ఆపండి. పొద్దున ఉత్త నీళ్లతో కడిగితే చాలు. రాత్రి మాత్రం వాసన లేని, నురగ తక్కువ వచ్చే ఫేస్‌వాష్‌తో. వేడినీళ్లు వద్దు. టవల్‌తో రుద్దకుండా అద్దుకుని, చర్మం ఇంకా తడిగా ఉన్నప్పుడే గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్న, సువాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. అది కూడా మండితే కొన్ని రోజులు ఉత్త పెట్రోలియం జెల్లీ పలుచగా రాయండి, పొట్టు లేచిన చోట రాత్రిళ్లు అదే బాగా పనిచేస్తుంది. లేచిన పొట్టును గోటితో లాగకండి. మంట ఎక్కువైతే చల్లటి నీళ్లలో ముంచి పిండిన నూలు గుడ్డ ఐదు, పది నిమిషాలు వేసుకోండి, ఐసు ముక్కను మాత్రం నేరుగా పెట్టొద్దు.

నాకు మొదటి మూడు రోజులు ఏ తేడా తెలియలేదు, ఆపడం వల్ల ఏమొస్తుందని ఏడుపొచ్చింది కూడా. పదో రోజుకు బిగుతు తగ్గింది. ఐదో వారంలో ఒక పొద్దున ముఖం కడుక్కుంటుంటే నీళ్లు నీళ్లలాగే తగిలాయి. కింది నుంచి కొత్త కణాలు పైకి రావడానికి నాలుగు వారాల దాకా పడుతుంది, వయసు పెరిగితే ఇంకా ఎక్కువ, అందుకని వారానికే ఫలితం లేదని మళ్లీ ఏదో ఒకటి మొదలుపెట్టకండి.

మా దగ్గర నీళ్ల సంగతి కూడా చెప్పాలి. నల్లగొండ అనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగితే పళ్లకు, ఎముకలకు చేటు, ఈ ముఖం మంట దాని వల్ల కాదు. ముఖానికి ఇబ్బంది పెట్టేది బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు, సరిగా పోదు, తెల్లటి పొరలా చర్మం మీద మిగిలిపోతుంది. మీ ఇంట్లో బోరు నీళ్లే వాడుతుంటే, చివర ఒక మగ్గు మిషన్ భగీరథ నల్లా నీళ్లతో కడుక్కుని చూడండి.

వంటింట్లోవి రాస్తే ఎర్రబడింది, గోధుమ రంగు చారలు పడ్డాయి

కారణం చాలాసార్లు నిమ్మరసం. నకిరేకల్ నిమ్మకాయలు మనకు చవకగా దొరుకుతాయి, ముఖానికి రుద్దితే తెల్లబడతామని చిన్నప్పటి నుంచి వింటున్నాం. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. పైగా అది ఉన్న చర్మానికి ఎండ తగిలితే, అందులోని కొన్ని పదార్థాల వల్ల కాలినట్టు పొక్కులు వచ్చి నల్లగా మచ్చ పడిపోతుంది. వెంటనే బాగా కడిగి, ఎండ తగలకుండా చూసుకోండి. వంట సోడా, చక్కెర స్క్రబ్, గరుకు సున్నిపిండి కూడా ఇప్పుడు వద్దు. ఇంట్లో పెళ్లి ఉండి నలుగు పెడతామంటే, "అత్తమ్మా, ముఖానికి వద్దు, చేతులకు కాళ్లకు పెట్టండి" అని ముందే చెప్పండి. మా వాళ్లకు నేను అలాగే చెప్పాను, ఎవరూ తప్పు పట్టలేదు.

ఒక్కసారిగా చిన్న చిన్న గుల్లలు లేచాయి

రెటినాల్ కొత్తగా మొదలుపెట్టినప్పుడు మొటిమలు కొంచెం పెరగొచ్చు, కానీ అవి మీకు మామూలుగా వచ్చే చోటే వస్తాయి, కొన్ని వారాల్లో తగ్గుతాయి. ఎప్పుడూ రాని చోట, మంటతో, ఎర్రగా వస్తే అది చర్మం తట్టుకోలేకపోవడమే, ఆపండి. నుదుటి మీద, జుట్టు మొదళ్ల దగ్గర అన్నీ ఒకే సైజులో, చెమట పడితే దురద పెడుతుంటే ఫంగస్ వల్ల కావచ్చు, దాని మీద కొబ్బరి నూనె రాస్తే ఇంకా పెరగొచ్చు. డాక్టర్‌కు చూపించండి.

క్రీమ్ రాస్తే బాగుంటుంది, ఆపితే ముఖం ఎర్రబడి మండుతుంది

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఉంటే దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పక్కింటి అక్క చెప్పిందనో, పార్లర్‌లో డబ్బీలో కలిపి ఇచ్చారనో, మందుల షాపులో "తెల్లబడే క్రీమ్" అని అడిగి తెచ్చుకున్నామనో వాడుతుంటారు. ట్యూబు వెనక సన్న అక్షరాలు ఒకసారి చదవండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్ మూడూ కలిసినది చాలామంది రోజూ రాసే క్రీమ్ అనుకుని నెలల తరబడి రాస్తున్నారు. మొదట్లో ముఖం నిగనిగలాడుతుంది, అందుకే నమ్మేస్తాం. తర్వాత చర్మం పలుచబడి ఎర్రటి సన్న రక్తనాళాలు కనిపిస్తాయి, మొటిమలు, బుగ్గల మీద వెంట్రుకలు వస్తాయి, ఒక్క రోజు రాయకపోతే మంట. చర్మ డాక్టర్లు దీనికి టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్, అంటే స్టెరాయిడ్ పూతతో పాడైన ముఖం, అని పేరే పెట్టారు. 2018లో కేంద్రం ఇలాంటి 14 స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు.

దీన్ని ఇంట్లో సరిచేసుకోలేం. ఉన్నట్టుండి మానేస్తే ఎరుపు, మంట ఎగదన్నుతాయి, ఆ భయంతోనే మళ్లీ రాస్తాం. ట్యూబు పట్టుకుని చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఎలా తగ్గించుకుంటూ రావాలో, బదులు ఏం రాయాలో వాళ్లే చెప్తారు. నెలలు పట్టొచ్చు, కానీ చాలావరకు తగ్గుతుంది.

పీల్, బ్లీచ్ తర్వాత నల్ల మచ్చలు

మంట పుట్టిన చోట మన రంగు చర్మం ఎక్కువ మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం) తయారుచేస్తుంది, అదే ఆ మచ్చ. దాన్ని పోగొట్టాలని మళ్లీ యాసిడ్ రాస్తే మళ్లీ మంట, మళ్లీ మచ్చ. ఎండ నుంచి కాపాడుకోవడమే మొదటి వైద్యం. జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 పైన, రెండు వేళ్ల పొడవున తీసుకుని ముఖానికి, మెడకు రాయండి. బండి మీద పోయేటప్పుడు కట్టుకునే స్కార్ఫ్ నూలుదై ఉండాలి, సింథటిక్‌ది చెమటతో బుగ్గలను ఒరుస్తుంది. మచ్చ వెలిసిపోవడానికి నెలలు పడుతుంది.

ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవి

కనురెప్పలు వాయడం, నీరు కారడం, పసుపు రంగు పక్కు కట్టడం, పెద్ద పొక్కులు, జ్వరం. అన్నీ ఆపి రెండు వారాలైనా మంట తగ్గకపోయినా అంతే. నల్లగొండ, మహబూబ్‌నగర్ సర్కారు దవాఖానాల్లో చర్మ విభాగం ఉంది. వాడిన సీసాలు, ట్యూబులు అన్నీ ఒక కవర్‌లో వేసుకుని పోండి, పేర్లు గుర్తుచేసుకునే పని ఉండదు.

మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి

మంట, పొట్టు, ఎరుపు పూర్తిగా పోయి కనీసం రెండు వారాలు గడవనివ్వండి. తర్వాత ఒక్కటే తీసుకోండి, మోచేతి లోపలి వైపు రోజుకు రెండుసార్లు చొప్పున వారం రాసి చూడండి. ఏమీ కాకపోతే ముఖానికి వారంలో రెండు రాత్రులు, అదీ మాయిశ్చరైజర్ మీద. ఇంకోటి కలపాలంటే నెల ఆగండి. గ్లైకోలిక్, రెటినాల్ ఒకే రాత్రి వద్దు. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు రెటినాల్ జోలికే పోకండి.